మామ గీసిపోయిన ఇంటూ గుర్తు

మా మేనమామ పోయాడన్న ఫోను వచ్చినప్పుడు నేను మంచిర్యాలలో ఒక ఫ్లెక్సీ షాపులో కూర్చుని ఉన్నాను. పెట్టబోయే నా దుకాణం బోర్డు మీద ‘జిరాక్స్’ అన్న మాట ఎరుపులో ఉండాలా, నీలంలో ఉండాలా అని గంభీరంగా ఆలోచిస్తున్నాను. ఫోనులో అవ్వ, అంటే మా అమ్మ. "తమ్ముడు పోయిండు రా" అంది. ఎక్కడికి అని అడిగాను. అంతకంటే తెలివైన ప్రశ్న నాకు తట్టలేదు. ట్రాలీ ఆటో నడిపే మనిషి ఎప్పుడూ ఎక్కడికో ఒక దగ్గరికి పోతూనే ఉంటాడు కదా.

శ్రీరాంపూర్‌లో ఒక కిరాణా దుకాణానికి సరుకు దించి, ఛాతీలో పట్టినట్టుందని ఆ మెట్టు మీదే కూర్చున్నాడట. లోపలికి పోయిన దుకాణదారు నీళ్లు పట్టుకొచ్చేలోపే అయిపోయింది.

మామ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా ఆ షాపులోనే కొట్టించాం. "అక్షరాలు ఏ రంగుల పెట్టాలె అన్నా?" అని అడిగాడు ఆపరేటర్. ఏదైనా పెట్టమన్నాను. నా బోర్డు రంగు కోసం అతన్ని వారాల తరబడి సతాయించినవాణ్ని నేనే కాబట్టి, అతను కంప్యూటర్ వదిలేసి నా మొహంలోకి చూశాడు.

మామ ఎవరో మీకు చెప్పాలి. ఆయన ఏ పదవీ చేయలేదు. ఏ సంఘానికీ అధ్యక్షుడు కాదు, సహాయ కార్యదర్శి కూడా కాదు. లక్సెట్టిపేట చుట్టుపక్కల కొత్తగా దుకాణం పెట్టిన ప్రతివాడికీ పనికొచ్చే బహుమతి ఇచ్చిన మనిషి, అంతే. అదేం పెద్ద విషయం అనుకుంటారేమో. మన దగ్గర దుకాణం ఓపెనింగుకు ఏమేం వస్తాయో ఒకసారి గుర్తు చేసుకోండి. దేవుడి ఫొటోలు, గోడ గడియారాలు. మొదటి రోజు సాయంత్రానికి ఆ దుకాణదారు అరడజను గడియారాలకు యజమాని అవుతాడు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంటుంది. వాటి మధ్య మామ ఇచ్చింది ఒక ప్లగ్గు బోర్డో, ఫోను స్టాండో, క్లిప్పు పెట్టుకునే చిన్న లైటో ఉంటుంది. ఏడాది తర్వాత పోయి చూస్తే గడియారాలు ఆగి ఉంటాయి, మామ వస్తువు మాత్రం పనిలో ఉంటుంది.

దీనికంతటికీ పునాది ఒక ఘోర పరాజయం. మామ దుబాయ్‌లో ఒక గోడౌన్‌లో పెట్టెలు మోసి తిరిగొచ్చిన రోజు చుట్టాలంతా ఇంట్లో చేరారు. దుబాయ్ బ్యాగు అంటే అత్తరు, ఖర్జూరం, దుప్పటి. ఆ క్రమం ఎవరూ తప్పరు. మామ తప్పాడు. బ్యాగు నిండా చార్జర్లు, ప్లగ్గు బోర్డులు తెచ్చాడు. వీధిలో దుకాణాలు పెట్టుకున్న దోస్తులకు పేరు పేరునా పంచాడు. తీరా చూస్తే వాటికి ఉన్నవి నలుపలకల మందపు పిన్నులు, మన గోడలకు ఉన్నవి గుండ్రటి బొక్కలు.

టైలర్ దోస్తు ఆ చార్జరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావా, గీ పిన్నులేంది, ఇటుక పెళ్లల లెక్కున్నయ్."

"అక్కడ మంచిగనే వట్టింది గదరా" అన్నాడు మామ.

"మరి గా గోడ గూడ తేకపోయినవ్?" అన్నాడు కటింగ్ షాపాయన.

వీధి వీధంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. కానీ ఆ మాట ఆయనలో ఎక్కడో దిగబడిపోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎవరికి ఏం ఇవ్వాలన్నా ముందు పోయి వాళ్ల గోడ చూసి వచ్చేవాడు. "వస్తువు జూసి మురవకు అల్లుడా. ముందుగాల గోడ జూడు" అనేవాడు నాతో. నాలుగేళ్ల ఇంజినీరింగులో నాకు ఇంత చిన్న సిద్ధాంతం ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అది కూడా సప్లిమెంటరీలోనే పాసయ్యేవాణ్ని, అది వేరే సంగతి.

ఓపెనింగు నాడు వట్టి చేతులతో పోయి భోజనం చేసి వచ్చేవాడు. రద్దీ తగ్గాక మళ్లీ పోయి ఒక మూలన నిలబడేవాడు. దుకాణదారు చెయ్యి ఎటు పోతోంది, ఫోను ఎక్కడ పెడుతున్నాడు, వైరు ఎక్కడ కాలికి తగులుతోంది, ఇవన్నీ చూసుకున్నాకే కొనేవాడు. ధర విషయంలోనూ ఒక నియమం ఉండేది. "బిర్యానీ కంటె పిరం వెడితే తీసుకున్నోడు మొహమాటపడ్తడు. చాయ్ కంటె అగ్గువది ఇస్తే మనం మొహమాటపడాలె. గీ రెంటి నడుమ ఎంత దునియా ఉన్నదో తెలుసా నీకు?"

వేములవాడ గుడికి, కోడెను కట్టే మొక్కు చెల్లించడానికి పోయినప్పుడు కూడా ఇంతే. కోడెతో లైనులో ఉన్నాం. మామ మాయం. ఒక చేత్తో పగ్గం, ఇంకో చేత్తో కొంగు పట్టుకుని అత్త నన్ను వెతకమంది. ఎక్కడో లేడు, కుంకుమ అమ్మే ఒక ఆమె దుకాణం ముందు నిలబడి ఆమె ఫోను వైపు దిగులుగా చూస్తున్నాడు. ఎత్తిన ప్రతిసారీ ఆమె వేళ్ల కుంకుమ అంటి ఆ ఫోను పెళ్లికూతురిలా ఉంది. ఆ పూటే ఎక్కడో వెతికి, ఫోనును లోపల పెట్టి జిప్పు వేసుకునే ప్లాస్టిక్ సంచీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. "దేవుని దగ్గరికొచ్చి దుకాణాలు జూసుడేంది?" అని అత్త గులిగింది. "ఆమె గూడ గీ దేవున్నే నమ్ముకొని కూసున్నది గదనే" అన్నాడు మామ.

అన్నీ ఇలా నెగ్గాయని అనుకోకండి. పోయినవారిని పొగడడమంటే సున్నం వేసినట్టు పూసెయ్యడం కాదు. మా వీధిలో గాజుల దుకాణం పెట్టిన చిన్నమ్మకు మామ ఒక బ్లూటూత్ స్పీకరు ఇచ్చాడు, పాటలు వింటూ గాజులు తొడుగుతుందని. పక్కనే చాయ్ హోటల్ భాయ్. ఆయన ఫోను ఎలా కలిసిందో ఏమో, ఒక సాయంత్రం గాజుల దుకాణంలో పాట ఆగి, భాయ్ ఇంటావిడ గొంతు మోగింది. "ఘర్ మే ఆటా ఖతమ్ హోగయా, తుమ్ వాఁ బైఠ్ కే బాతాఁ కర్లేరైఁ?" ఇంట్లో పిండి నిండుకుంటే అక్కడ కూర్చుని ముచ్చట్లు పెడుతున్నావా అని. ఆ తర్వాత భాయ్ వాళ్ల అన్నదమ్ములందరి గురించీ వివరంగా చెప్పింది. గాజులకు చేతులు చాచిన ఆడవాళ్లు చేతులు చాచే ఉంచి పూర్తిగా విన్నారు.

భాయ్ మామ దగ్గరికి వచ్చాడు. "క్యా భాయ్, గిఫ్టు ఆమెకిస్తివి, పరేషాన్ నన్ను జేస్తివి."

మామ తల గోక్కున్నాడు. "గోడ జూసిన గానీ భాయ్, గోడ అవతల జూడలే."

ఇక నా సంగతి. చదువు అయ్యాక కరీంనగర్‌లో కొన్నాళ్లు ఉద్యోగం వెతికాను. ఉద్యోగం కూడా నన్ను వెతికి ఉంటుంది, ఇద్దరం ఎదురుపడలేదు. చివరికి లక్సెట్టిపేటలోనే జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం పెడదామని ఒక షట్టరు కిరాయికి తీసుకున్నాను. అందరికంటే ముందు సంబరపడింది మామ. లోడు దించి అటునుంచే వచ్చాడు. నేను నా కౌంటరు ఎక్కడ వస్తుందో, ప్రింటరు ఎక్కడ పెడతానో చేతులు ఊపుతూ చూపించాను. ఆయన అదేమీ వినలేదు. తలుపు పక్క గోడకు ఆనించి ఉన్న పాత బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇటు రా మామా, నా సీటు దిక్కు నిలబడి జూడు" అన్నాను.

"నీ సీటు నువ్వు జూసుకుంటవు గద" అని అక్కడే కూర్చున్నాడు.

చాలాసేపు కూర్చున్నాక, పెట్టెల మీద రాసుకునే మార్కరు జేబులోంచి తీసి, బెంచీ పక్క గోడ మీద నడుమెత్తున ఒక ఇంటూ గుర్తు గీశాడు.

"ఏందది?"

"నీ గిఫ్టు జాగ."

"ఏం గిఫ్టో చెప్పరాదు మామా."

"షట్టర్ లేపిన్నాడు తెస్త. ముందు లేపు."

నేను లేపలేదు. మొదట అద్దం తలుపు కావాలనుకున్నాను. అది వచ్చేసరికి లోపలి రంగు దానికి నప్పలేదు. తర్వాత మూఢం వచ్చింది. మూఢం వెళ్లాక బోర్డు వచ్చింది, అంటే బోర్డు గురించిన ఆలోచన వచ్చింది. ట్రాలీ మీద ఆ దారిన పోయిన ప్రతిసారీ మామ బండి ఆపి, దిగకుండానే అడిగేవాడు. "ఎప్పుడు లేపుతున్నవ్ అల్లుడా?"

"మూఢం ఉన్నది మామా."

"అది ఎల్లి ఎన్నడో అయింది. ఇప్పుడున్న మూఢం నీకు వట్టింది."

నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వులన్నీ ఇప్పుడు తిరగేసి చూసుకుంటే, ఒక్కోటి ఒక్కో రోజు. ఆ రోజుల్లో ఏ ఒక్క రోజైనా, అద్దం లేకుండా, బోర్డు లేకుండా, ఆ ఇనుప రేకును పైకి నెట్టి ఉంటే చాలు. మామ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవాడు. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ముహూర్తం ఎందుకు వెతికానో నాకు తెలియదు.

దినం నాడు దుకాణాలవాళ్లంతా వచ్చారు. శ్రీరాంపూర్‌లో మెస్ నడిపే అక్క కూడా వచ్చింది. గనుల బొగ్గు దుమ్ము దూరి ఆమె ఫోను చార్జింగు బొక్క మాటిమాటికీ మూసుకుపోయేదట. మామ చింతగింజంత రబ్బరు మూత ఒకటి ఇచ్చాడు. "ఫోన్లు మారినయ్ గానీ అన్న ఇచ్చిన మూత గదే" అని తన ఫోను తీసి అందరికీ చూపించింది. పక్కన కూర్చున్న అత్త ఆ మూతను వేలితో తడిమింది. "ఊరోళ్ల గోడలన్ని జూసిండు. మనింట్ల మిక్సీ ప్లగ్గుకు అగ్గిపుల్ల చెక్కితేగాని తిరగదు. గా గోడ ఒక్కనాడు జూడలే" అంది. తిట్టిందా ఏడ్చిందా చెప్పడం కష్టం. మర్నాడు పోయి ఆ ప్లగ్గు నేను మార్చాను. అగ్గిపుల్లను మాత్రం అత్త పారేయనివ్వలేదు.

మామ ఏం కొందామనుకున్నాడో అత్తకు తెలియదు. బండి డబ్బాలో చూశాను, ఏమీ లేదు. షట్టర్ లేపాకే కొనేవాడు కాబట్టి ఉండదు కూడా. దినాలు అయిన వారంలో దుకాణం తెరిచాను. బోర్డు నీలంలో ఉందో ఎరుపులో ఉందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. రంగు వేసినాయన గోడంతా వేసి ఆ గుర్తు దగ్గర ఆగాడు. అరచేతంత జాగా వదిలెయ్యమన్నాను. తెల్ల గోడలో పాత సున్నం ముక్క, దాని మధ్య ఇంటూ.

వచ్చిన ప్రతివాడూ ఒక జోస్యం చెప్పాడు. సీసీ కెమెరా అన్నాడు నా దోస్తు. నడుమెత్తున కెమెరా పెడితే దొంగల బెల్టులు తప్ప ఏం కనబడవు. అగరుబత్తి స్టాండు కావచ్చు అంది అవ్వ. నేను మాత్రం అది నా కోసమే కాబట్టి నాకు పనికొచ్చేదేదో అయి ఉంటుందని ప్రింటరు దిక్కు, కంప్యూటరు దిక్కు తలపోశాను. వాటికీ ఆ గోడకూ ఏ సంబంధమూ కుదరలేదు.

ఒకనాడు ఒక పెద్దమ్మ పొలం కాగితాల పని మీద వచ్చింది. కొడుకు మస్కట్‌లో ఉన్నాడట. దరఖాస్తు నింపాను, ఆమె ఫోనుకు ఓటీపీ రావాలి. "ఫోన్ జర తియ్యి పెద్దమ్మా" అన్నాను.

"అది సచ్చింది కొడుకా. పొద్దుగాలసంది ఇంట్ల కరెంటు లేదు."

నా చార్జరు వైరు ఇచ్చాను. అది కౌంటరు అంచు దాటి రాలేదు. ఆమె వంగి, ఒక చేత్తో కౌంటరును, ఇంకో చేత్తో ఫోనును పట్టుకుని నిలబడింది. కూర్చోమంటే, వైరు ఊడుతుందంది. కాసేపటికి నడుము పట్టేసినట్టుంది, బెంచీ వైపు చూసింది.

"గీ గోడకొక్క ప్లగ్గుంటే గాడ గూసుందును గద, బిడ్డా."

ఆమె చూపించిన చోటు నాకు తెలిసిందే. మామ నా సీటు వైపు రాకుండా బెంచీ మీదే ఎందుకు కూర్చున్నాడో అప్పుడు వెలిగింది. దరఖాస్తు పెట్టుకునేవాళ్లు కూర్చునే చోటు అది.

ఆ వారమే అక్కడ ప్లగ్గు పెట్టించాను. సరిగ్గా గుర్తు మీదే బిగిద్దామన్నాడు ఎలక్ట్రీషియన్. వద్దు, కొంచెం కిందికి పెట్టమన్నాను. సన్నపిన్ను, మందపుపిన్ను, ఏ ఫోనుకైనా పట్టే మూడు మూతుల కేబుల్ ఒకటి కొన్నాను. ధర చూసుకున్నాను, చాయ్‌కీ బిర్యానీకీ మధ్యనే వచ్చింది.

మామ అనుకున్నది ఇదేనా అంటే చెప్పలేను. ఆయన లెక్క తప్పిన సందర్భాలూ ఉన్నాయని మీకు ముందే చెప్పాను. వేరే ఏదో అయి ఉండొచ్చు. అడుగుదామంటే మనిషి లేడు. మధ్యాహ్నం పూట రోడ్డు మీద ట్రాలీ ఆటో చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ తల ఎత్తుతాను. అది ఆగదు.

"గీ ఇంటూ ఏందన్నా?" అని అడుగుతారు వచ్చినవాళ్లు. మా మామ ఇచ్చిన ఓపెనింగ్ గిఫ్టు అని చెబుతాను. అర్థం కాక తలూపుతారు. దాని కింద ఎవరిదో ఒకరి కీప్యాడ్ ఫోను వేలాడుతూ, మెల్లగా చార్జింగు ఎక్కుతూ ఉంటుంది. ఆ ఫోను తాలూకు మనిషి బెంచీ మీద, మామ కూర్చున్న చోటే, నా దిక్కు కాకుండా గోడ దిక్కు చూస్తూ కూర్చుని ఉంటాడు.