అత్తయ్య తోమిన పేరు

మా ఊళ్లో బస్సు ఆగే చోట, యుద్ధంలో చనిపోయిన మా ఊరివాళ్ల పేర్లు చెక్కి, నల్లరంగు నింపిన రాయి ఉంది. అందులో ఆఖరి పేరు మా ఆయనది. ఆయన శవం కూడా ఇంటికి రాలేదు. అందుకేనేమో, మా అత్తయ్య రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్లు పట్టుకెళ్లి, పీచుకి ఇటుకపొడి అద్ది, చిన్నప్పుడు కొడుకు వీపు రుద్దినంత శ్రద్ధగా ఆ పేరు తోమేది. పక్క పేర్ల జోలికి పోయేది కాదు. ఏడాది తిరిగేసరికి అందరి పేర్లూ నల్లగా కనబడుతున్నాయి, మా ఆయన పేరు మాత్రం రంగు పోయి రాతిలో కలిసిపోయింది.

ఆ రాయి చెక్కినాయన రంగు డబ్బాతో వచ్చి, చూసి తల పట్టుకున్నాడు.

"ఏం పెద్దమ్మా, ఇదేమన్నా మసిగిన్నె అనుకున్నావా? వానకి పోని రంగు నీ చేతికి పోయింది."

"మురికి పడుతోంది నాయనా."

"పడనీ. మళ్లీ రంగేస్తాగానీ, ఇక ముట్టుకోకు. ఇలాగే తోమితే అక్షరాలు కూడా అరిగిపోతాయి."

అత్తయ్య తలూపింది. ఆయన రంగు వేసేదాకా నిలబడి చూసింది. ఇంటికొచ్చి, పీచు పెరట్లో పారేసి, నా పక్కన కూలబడింది.

"ఇక వాడికి నేను చేసే పనేం లేదే అమ్మాయ్," అంది.

చావు కబురొచ్చిన రోజున కూడా నన్నే ఓదార్చిన మనిషి, ఆ పూట నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.