గోడ దాటిన చిక్కుడు

జులేఖా నోటికి వీధి వీధంతా దడుస్తుంది. తాడేపల్లిగూడెంలో రైలు గేటు అవతలి కాలనీలో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. జాకెట్టు బిగుతైందని ఎవరైనా వెనక్కి తెస్తే, “జాకెట్టు బిగుతవలేదండీ, పండక్కి తిన్న బూరెలు మీకు ఒంటపట్టాయండీ” అని మొహం మీదే అనేస్తుంది. అండీ మాత్రం మానదు. గోదావరి నీళ్ళు తాగిన మనిషి కదా, తిట్టినా మర్యాదగానే తిడుతుంది.

పెరట్లో మొక్కలకి ఆ మర్యాద కూడా లేదు. “ఏమే బీరా, తాగడానికేనా పుట్టావు? రేపటికి పిందె కనపడకపోతే పీకి పారేస్తా!” అని కడవతో నీళ్ళు పోస్తూ అరుస్తుంది. వేసవంతా బీర, దోస, ఆనప, గోంగూర. ఆషాఢం రాగానే ఆ ముసలి పాదులన్నీ పీకేసి చిక్కుడు గింజలు పెడుతుంది. దసరాలకి పందిరి పూతతో నిండిపోవాలి. కుట్టు మిషన్ దగ్గర కూర్చుంటే కిటికీలోంచి ఆ పువ్వులు కనపడాలి. భర్త పోయిన ఏడు కూడా ఆవిడ చిక్కుడు పెట్టడం మానలేదు.

ఆ చిక్కుడు మామూలుది కాదు మరి. గణపవరంలో తల్లి పెరట్లోది. పెళ్ళై వచ్చేటప్పుడు కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. అరచెయ్యంత కాయ, అంచున ఊదా గీత. తల్లి ఇల్లున్న చోట ఇప్పుడు చేపల చెరువుంది, కాబట్టి ఆ రకం ఇంకెక్కడా లేదు. కాయలు అడిగితే చాటెడు ఇస్తుంది గానీ గింజ మాత్రం చచ్చినా ఇవ్వదు. పక్కింటి మంగతాయారు ఒకసారి రెండే రెండు గింజలు అడిగితే, “కాయలు తినండి. గింజతో మీకేం పనండీ?” అని గుమ్మంలోంచే పంపేసింది.

ఆ మంగతాయారు మొగుడు పాండురంగారావు. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరై, పక్క స్థలంలో ఇల్లు కట్టుకున్నాడు. కట్టే ముందు స్థలాన్ని అడుగున్నర మెరక చేయించాడు. ఆ గ్రావెల్ తోలింది ఎవరనుకున్నారు? జులేఖా కొడుకు జమీరే, సొంత ట్రాక్టర్ మీద. ఆవిడ స్వయంగా టీ పెట్టి గోడ మీంచి అందించింది. ఆ మట్టి ఎవరి నెత్తిన పడుతోందో తల్లికీ తెలీలేదు, కొడుక్కీ తెలీలేదు.

నిరుడు వానలకి తెలిసొచ్చింది. పాండురంగారావు ఇంటి నీళ్ళన్నీ గోడ కింది కన్నంలోంచి జులేఖా పెరట్లోకి దిగాయి. వంగ మొక్కలు నిలువునా కుళ్ళిపోయాయి. ఆవిడ ఊరుకుంటుందా?

“ఏవండీ పాండురంగారావు గారండీ, మీ ఇంటి మురుగు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిందండీ. ఎప్పుడు తీసుకెళ్తారండీ?”

“వాన మీదీ మాదీ అని చూసుకుని పడుతుందాండీ? మీ వైపొచ్చిన నీళ్ళు మీవే అనుకోండి” అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ మాట జులేఖా గుండెల్లో అలాగే ఉండిపోయింది. ఈ వేసవిలో వాళ్ళ మునగ కొమ్మ ఇటు వాలితే, దోటీ వేసి ఒక్క కాయ మిగల్చకుండా కోసేసింది. మంగతాయారు లబోదిబోమంటూ వచ్చింది. “గోడ దాటింది ఎవరి వైపుంటే వాళ్ళదండీ. కావాలంటే మీ ఆయన్నే అడగండి” అని తలుపు వేసేసింది జులేఖా. ఆ పూట మునక్కాయ పులుసు ఎంత రుచిగా ఉందో జమీర్‌కి రెండు సార్లు చెప్పింది.

ఈ ఆషాఢంలో చిక్కుడు గింజలు పెట్టింది. నాలుగో రోజే కుండపోత. గోడ కన్నంలో జాకెట్టు ముక్కలు కుక్కిన గోనె సంచి అడ్డం పెడితే, తెల్లారేసరికి పాండురంగారావు కర్రతో పొడిచి తోసేశాడు. గింజలన్నీ కుళ్ళాయి. డబ్బాలో అడుగున ఏడు గింజలు మిగిలాయి. మట్టి దిబ్బగా పోసి వాటినీ పెట్టింది. ఒకే ఒక్కటి మొలిచింది. ఇది పోతే అమ్మ చిక్కుడు ఇక లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి అన్నం సహించేది కాదు.

వినాయక చవితి వెళ్ళాక పాండురంగారావే ఒక మెట్టు దిగాడు.

“గోడ వెంట గొట్టం వేసి రోడ్డు కాలవలో కలిపేద్దామండీ. తవ్వకం, గొట్టం అంతా నేనే చూసుకుంటాను. మీ వైపు ఒక్క అడుగు జాగా ఇవ్వండి చాలు.”

“అడుగు కాదు కదా, అంగుళం ఇవ్వనండీ.”

“ఒప్పుకోరాదా అమ్మా? గొడవ వదిలిపోతుంది” అన్నాడు జమీర్.

“నోర్ముయ్. ఆయనకి అడుగున్నర తోలావుగా, నాకు రెండడుగులు తోలు. నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి పోవాలి!”

దసరా వెళ్ళిన మర్నాడు ట్రాక్టర్ పెరట్లోకి వచ్చింది. దానికి దారి కావాలని పందిరి పీకేశారు. అప్పటికే పూత మీదున్న చిక్కుడు తీగని జమీర్ జాగ్రత్తగా గోడ మీదికి ఎక్కించాడు. మొదలు చుట్టూ బావులకి వేసే సిమెంటు ఒర దింపి, గోడ కన్నాన్ని కొత్త ఎత్తు దాకా పైకి పెంచి, మిగతా పెరడంతా ఇంటి అరుగు ఎత్తుకి గ్రావెల్ పోసేశాడు. గోంగూర, పుదీనా కిందికి పోయాయి. కరివేపాకు చెట్టు మోకాళ్ళ దాకా పూడింది. జులేఖాకి కళ్ళ నీళ్ళు తిరుగుతున్నా పైకి మాత్రం, “ఇంకో ట్రక్కు పొయ్యరా” అంది.

మెరకెక్కాక గోడ ఆవిడ నడుం దాకానే ఉంది. తీగ గోడ దాటి పాండురంగారావు వైపు వాలింది; అవతల ఎండ బాగా తగిలి నాలుగు గుత్తులు కాసింది. కార్తీకం వచ్చేసరికి కాయలు ముదిరి, ఊదా అంచు నల్లబడింది. ఇంకో పది రోజులు ఎండితే విత్తనం చేతికొస్తుంది. ఆవిడ పొద్దునా సాయంత్రం లెక్క చూసుకునేది. పద్నాలుగు కాయలు.

అప్పుడు తుఫాను పట్టుకుంది. మొదటి రోజు జులేఖాకి పండగే. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ పెరట్లో పడ్డ ప్రతి చుక్కా గోడ కన్నంలోంచి పాండురంగారావు ఇంటికి పోతోంది. ఆయన లుంగీ ఎగ్గట్టి బకెట్‌తో ఎత్తిపోస్తుంటే, “మీ వైపొచ్చినవి మీవేనండీ!” అని గొంతెత్తి మరీ అరిచింది. ఇన్నాళ్ళకి కడుపు చల్లబడింది.

రెండో రోజు మధ్యాహ్నం చిక్కుడు సంగతి గుర్తొచ్చింది. వెళ్ళి ఒరలోకి చూస్తే అంచుల దాకా నీళ్ళు. పెరడంతా ఎత్తయ్యాక పల్లమంటూ మిగిలింది అదొక్కటే మరి. చెంబుతో తోడింది. ఎంత తోడినా చుట్టూ ఉన్న గ్రావెల్లోంచి మళ్ళీ ఊరుతూనే ఉంది. చీకటి పడేదాకా వానలోనే తోడింది. నడుం పట్టేసింది గానీ నీళ్ళు తగ్గలేదు.

మూడో రోజు ఎండ కాసింది. ఆకులన్నీ వేలాడిపోయాయి. మొదలు పట్టుకుంటే మెత్తగా చేతికి అంటింది. పాదు పోయిందని అర్థమైంది. పోతే పోయింది, అవతల కాయలున్నాయి, గింజ ఉంటే చాలనుకుని గోడ మీదికి వంగింది.

తీగకి ఒక్క కాయ లేదు.

చీలమండ లోతు నీళ్ళని చీపురుతో వీధిలోకి తోస్తోంది మంగతాయారు.

“మంగతాయారు గారండీ...” అంది జులేఖా. ఆ గొంతు అంత చిన్నగా పలకడం వీధిలో ఎవరూ విని ఉండరు. “మీ వైపు పద్నాలుగు కాయలుండాలండీ. విత్తనానికండీ.”

“నిన్న కోసేశానండీ. ముంగిట్లో ఇన్ని నీళ్ళు పెట్టుకుని మార్కెట్టుకి ఎలా వెళ్తానండీ? ఇంట్లో కూర లేదు. గింజలు ఒలిచి వంకాయలో వేశాను.”

“అన్నీనా అండీ?”

“అన్నీనండీ. గోడ దాటింది ఎవరి వైపుంటే వాళ్ళదని మీరే అన్నారు కదండీ.”

జులేఖాకి ఏడుపు తన్నుకొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. “ఒక్కటి... ఎక్కడైనా ఒక్క గింజ పక్కకి పడుంటుందేమో, కాస్త చూడండీ. మా అమ్మదండీ అది.”

మంగతాయారు చీపురు ఆపి తలెత్తింది.

“గింజతో మీకేం పనండీ?” అని, మళ్ళీ నీళ్ళు తోసుకోవడంలో పడింది.