క్రీముకు మేస్త్రి దుబాసీ

గ్యాస్ డబ్బుతో ఖతార్ పైకి లేస్తున్న రోజులవి. మా ఫేస్‌క్రీమ్ అమ్మే ఆవిడది క్రొయేషియా, కొనే ఆవిడది పోలాండ్. ఇద్దరికీ ఇంగ్లిష్ రాదు. దుబాసీ దొరక్కపోతే నా ఉద్యోగం ఊడేది.

చివరికి లుసైల్ కూలీల క్యాంపు నుంచి జగిత్యాల మేస్త్రి రాజన్న దొరికాడు.

"రెండు భాషలొస్తయ్ సార్. ఇద్దరి దేశాల ఫోర్‌మెన్ల కింద ప్లాస్టరింగ్ చేసిన."

వచ్చినవి ఆ పని మాటలే. అమ్మే ఆవిడ చెప్పిందల్లా అతను గాల్లో తాపీ ఆడిస్తూ కొనే ఆవిడకు వినిపించాడు. ఆవిడ శ్రద్ధగా రాసుకుంది.

"ఏం చెప్పావయ్యా?"

"మొదలు గోడ తడపాలె, పల్చగ ఒక కోటింగ్, ఆరినంక ఇంకోటి అని చెప్పిన."

ఆర్డర్ కాగితం మీద సంతకం పెట్టబోతూ ఆవిడ ఆగి ఏదో అడిగింది.

"క్యూరింగ్‌కు ఎన్ని రోజులు నీళ్లు కొట్టాల్నని అడుగుతాంది సార్."

"ఏడు రోజులని చెప్పు" అన్నాను.