గీత తిప్పిన అయ్యవారు

మా పక్కింటి లెక్కల అయ్యవారు మొన్న పోయారు. ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి కబురు వచ్చేసరికి నేను జొన్నలు విసురుతున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఆయనే లేకుంటే నా పసుపుకుంకుమలు ఏనాడో పోయేవి.

తొండూరులో ఆయన పిరికితనం పిల్లలకు కూడా వేళాకోళమే. కుక్క మొరిగితే వీధి మారేవారు. లెక్క దగ్గర మాత్రం ఎవరికీ జంకేవారు కాదు. "జవాబు తర్వాత, ఎందుకో ముందు చెప్పు" అనేవారు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా ఆయనా, మా మరిదీ వేరుపడ్డారు. మూడు మూలల చేనొకటి మిగిలింది. ఒక పక్క నీళ్ళు పారే వంక గట్టు, దానికి నిటారుగా బండిదారి, మూడో పక్క ఏటవాలుగా కంచె. పెద్దవాడు భాగాలు పెడితే చిన్నవాడు ముందు ఎంచుకోవాలి, అది మా వైపు పద్ధతి. మా ఆయన గట్టుకు నడిమధ్య రాయి పాతి, దారికి సమాంతరంగా తిన్నగా గీత కొట్టారు. మరిది దారి పక్కది ఎంచుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ మడకలు కట్టారు. చద్దిపొద్దుకే మా ఆయనది అయిపోయింది. మరిది దున్నుతూనే ఉన్నాడు.

"మోసం చేస్తాండావు రా!"

"గీత కొట్టింది నువ్వే కదన్నా!"

మా ఆయన కొడవలి తీశారు. మరిది గొడ్డలి అందుకున్నాడు. ఆదివారం కాబట్టి అయ్యవారు ఇంట్లోనే ఉన్నారు. పరుగెత్తి, చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాను.

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా ఇద్దరి మధ్యకూ పోయి కూర్చుని, తుండుగుడ్డ పరిచి, దాని మీద మూల నుంచి ఎదురు మూలకు మోకు వేశారు.

"ఈ పక్క ముక్క ఎంతప్పా?"

"సగం," అన్నారు మా ఆయన.

"ఈ చేనూ అంతే. గట్టునూ దారినీ హెచ్చించి సగం చెయ్యాల. నీ ముక్కకు గట్టూ సగమే, ఎత్తూ సగమే. అందుకే నీ గీతకు నీకు పావే వచ్చె, తమ్మునికి ముప్పావు పాయ. రాయి ఆడే ఉండనీ. గీతను దారీ కంచే కలిసే మూలకు తిప్పు. గట్టు చెరిసగం, ఎత్తు దారి పొడుగే, అది ఇద్దరికీ ఒకటే. ఇంక తేడా యాడుంటాది?"

మరిది గొడ్డలి దించలేదు. "ఎంచుకున్నాక మార్చేదేంది సామీ? చిన్నోడు ఎంచుకునేది పద్ధతి కాదా?"

"ఆ పద్ధతి ఎందుకు పెట్టినారప్పా? ఇద్దరికీ సమంగా రావాలనే కదా?"

మరిది గొడ్డలి పడేసి మోకు కొస పట్టుకున్నాడు. రెండో కొస మా ఆయన పట్టుకున్నారు.

అంతా అయ్యాక అయ్యవారు లేవబోయారు. కాళ్ళు నిలవలేదు, ఒకటే వణుకు. అన్నదమ్ములు చెరో రెక్కా పట్టుకుని, కొత్త గీత వెంబడే ఆయన్ని ఇంటికి నడిపించారు. వాళ్ళ వెనకే నేను కొడవలీ గొడ్డలీ మోసుకుంటూ నడిచాను.