ఇప్పచెట్టు ఒక్కటి తప్ప

ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగంలో తొమ్మిది కిరాయి ఇళ్ళు మారాను. చర్ల అవతలి అడవి ఊళ్ళతో మొదలుపెట్టి, ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి మూటాముల్లె సర్దుకోవడమే. ఏ ఇంట్లోనైనా గోడకు మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళను అడగాలి. సొంత ఇల్లంటే నా ఊహలో ముందు వచ్చేది సుత్తి చప్పుడే.

సెల్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో ఆ కోరిక తీరింది. ఏజెన్సీలో గిరిజనులు కాని మాలాంటివాళ్ళు భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని హద్దుకు ఇవతల, పెరట్లో నిలబడితే అడవి కనిపించే ఒక చిన్న ఊళ్ళో, పెంకుటిల్లూ దాని వెనక మూడెకరాల చేనూ కొన్నాం. రిజిస్ట్రేషన్ కాగితంలో ‘చెట్టుచేమలతో సహా సర్వహక్కులు’ అన్న ముక్క నాకెంత నచ్చిందంటే, మా ఆయనకు చదివిందే చదివి వినిపించాను.

“ఇగ పెట్టెల పెట్టు, అరిగిపోతది,” అన్నాడాయన.

పాస్టరుగారు వచ్చి ఇంటి నాలుగు మూలలా ప్రార్థన చేశారు. ఆ మర్నాడే నేను చేను చుట్టూ ముళ్ళతీగ వేయించి, గేటు పెట్టించి, తాళం బిగించాను. మిరప వేశాం. మొదటి పంట బాగానే కాసింది. ఆ ఏడాదంతా నేను నేల మీద నడిచానో లేదో కూడా గుర్తులేదు.

మార్చి నెలలో ఒకరోజు తెల్లవారుతుండగా చేను చివర పొగ కనిపించింది. బకెట్ నీళ్ళతో పరుగెత్తాను. అక్కడున్న ఇప్పచెట్టు కింద ఒక కోయ ముసలమ్మా ఆమె కోడలూ ఎండుటాకులు ఊడ్చి తగలబెడుతున్నారు. తీగ కింద నుంచి దూరి వచ్చారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నీళ్ళు మంట మీద కుమ్మరించాను.

“ఎవరవ్వా నువ్వు? మా చేన్ల నిప్పు పెట్టుడేంది?”

“చేను నీదే నర్సమ్మా. చెట్టు మాది. పువ్వు రాలే యాళయింది, జాగ సాపు చేస్తున్నం,” అంది ముసలమ్మ.

భూమి ఎన్ని చేతులు మారినా, ఒక్కో ఇప్పచెట్టు తాతల నాటి నుంచి ఒక్కో కోయ కుటుంబానిది. ఊరందరికీ తెలిసిన సంగతి కాబట్టి మాకు అమ్మినాయన చెప్పాలనే అనుకోలేదు. అవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ పొద్దున మాత్రం నేను ఇంట్లోకి పోయి, చదువురాని ఆ మనిషికి నా రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చి చదివి వినిపించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె చీపురు పట్టుకుని చివరిదాకా ఓపిగ్గా విన్నది.

“కాయితంల చెట్టుంటే కాయితం కిందనే ఏరుకో పువ్వు,” అని, కోడలిని తీసుకుని వెళ్ళిపోయింది.

నేనూ పంతానికి పోయాను. పువ్వు రాలడం మొదలవగానే నేనే ఏరాను. నడుము విరిగింది. మిరపకాయ ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళను సాయం అడిగితే ఒక్కరూ చెట్టు దగ్గరికి రాలేదు.

“అవ్వోళ్ళ చెట్టమ్మా అది. ఆళ్ళు రాకుంటే మట్టిల కలుస్తది గని, మేం ముట్టం,” అంది వాళ్ళలో పెద్దామె.

ఏరిన పువ్వు వరండాలో ఆరబోశాను. శుక్రవారం సాయంత్రం మా ఇంట్లోనే ప్రార్థన కూటం. వరండా అంతా తియ్యటి సారా వాసన. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి అటు చూశారు. అందరూ వెళ్ళాక మా ఆయన, “ఇల్లు కొన్నమనుకున్న. సారా బట్టీ కొన్నమా?” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ వచ్చే బుధవారం టీకాల డ్యూటీ ముసలమ్మ వాళ్ళ గూడెంలోనే పడింది. ఎవరూ రారేమోనని అనుకుంటూనే, రాజీకి పనికొస్తుందని ఏరిన పువ్వు సంచికెత్తుకుని వెళ్ళాను. తల్లులందరూ ఎప్పటిలాగే పిల్లలతో వచ్చారు. ముసలమ్మ కూడా మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పిల్లను తూకం వేస్తే ఉండాల్సినదానికంటే బాగా తక్కువ ఉంది. వానాకాలం పనులు దొరకని రోజుల్లో ఆ ఇళ్ళల్లో ఎండిన ఇప్పపువ్వే ఉడకేసుకు తింటారని ఇన్నేళ్ళ ఉద్యోగంలో కళ్ళారా చూసినదాన్ని. ఈ ఏడు ఈ పిల్లకు ఆ పువ్వు లేకుండా చేసింది నేనే. పువ్వు రాలేది కూడా ఇంకో పది పన్నెండు రోజులే.

“అవ్వా, తప్పు నాది. పువ్వింకా రాలుతున్నది, రాండ్రి,” అని, తెచ్చిన పువ్వు సంచి ఆమె ముందు పెట్టాను.

ఆమె గుప్పెడు పువ్వు తీసి నలిపి చూసింది. “సరిగ ఎండలే,” అంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

మర్నాడు తెల్లారకముందే లేచి గేటు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి అత్తాకోడళ్ళు గంపలతో వచ్చారు. ప్రాణం లేచొచ్చింది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టబోయాను.

“చెవి నేనేడ దాచుకోను? తాళమే తీసెయ్,” అంది.

తీసేశాను. ముగ్గురం గొంతుక్కూర్చుని ఏరాం. ఎండ ఎక్కేసరికి గంపలు నిండాయి. కోడలు ముందు నడిచింది. ముసలమ్మ గంప నెత్తికెత్తుకుని నా వైపు తిరిగింది.

“వచ్చేయేడు రాలుడు షురువైతే మాకు కబురంపు నర్సమ్మా. నువ్వీడనే ఉంటవ్ గద.”

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

“అవ్ అవ్వా, ఈడనే ఉంట,” అన్నాను.