ఉబ్బిన గడ్డి మీద అత్తయ్య

మామయ్య పోయాక అత్తయ్యను రాజోలు నుంచి ఢిల్లీ జనక్‌పురిలోని మా ఇంటికి తీసుకొచ్చాం. ఆవిడ మాటలే మరిచిపోయినట్టు ఉండేవారు. మా లాన్‌లో బంకమట్టి. వానొస్తే కాలు జారుతుంది. ఆవిడ నడవడానికి వీలుగా ఉంటుందని మావారు ప్లాస్టిక్ గడ్డి పరిపించారు. అడుగున కంకర పోయాలని మాకు తెలియదు. మొదటి పెద్ద వానకే నీరు ఇంకక అడుగున నిలిచి, గడ్డి పరుపులా ఉబ్బింది. పొద్దున్నే దానిమీద కాలుపెట్టిన అత్తయ్య దబ్బున కూలబడ్డారు.

"అత్తయ్యా, దెబ్బ తగిలిందా?" అని పరిగెత్తాను.

ఆవిడ పకపకా నవ్వారు. "లేదే అమ్మాయ్! మీ మామయ్యతో గోదాట్లో పడవెక్కినట్టుంది. నువ్వూ కూర్చో!"

కూర్చున్నాను. తడి బట్టలతోనే ఆవిడ మామయ్య కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు.

తర్వాత కంకర పోయించి గడ్డి మళ్లీ వేయించాం. కానీ అత్తయ్యను మాకు తిరిగిచ్చింది ఆ పాడైన గడ్డే అనిపిస్తుంది.