తిలకవతి చేతి నురగ

గుణశేఖరన్ గడ్డం గీసుకోవడం ఇందిరా నగర్‌లో వాళ్ళ వీధి వీధంతటికీ తెలిసిన సంగతి. మిగతా మగవాళ్ళు ఆ పనిని స్నానాలగది తలుపు చాటున కానిచ్చేస్తారు. ఈయనకు అలా కుదరదు. పొద్దున్నే వరండాలో ముక్కాలిపీట వేసుకుని, కిటికీ కమ్మీకి అద్దం తగిలించి, ముఖమంతా తెల్లగా నురగ పట్టించుకుని కూర్చోవాలి. పాలవాడు చూడాలి, ట్యూషన్‌కు పోయే పిల్లలు చూడాలి, ఎదురింటి దురైసామి చదివే పేపరు మడిచి మరీ చూడాలి.

"ఏం నురగన్నా అది! మా ఇంట్లో పెరుగు గూడా అంత గట్టిగా తోడుకోదే" అనేవాడు దురైసామి.

"అదంతా చెయ్యి వాటం, దురై" అనేవాడు గుణశేఖరన్, గడ్డం పైకెత్తి.

ఆ చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పేవాడు కాదు. అది లోపల వంటింట్లో దోసెలు తిప్పుతున్న చెయ్యి. ఆయన భార్య తిలకవతిది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా!

పెళ్ళయిన కొత్తలో గుణశేఖరన్ కరెంటు ఆఫీసులో చేరాడు. ఓపిక బొత్తిగా లేని మనిషి. సబ్బు మీద బ్రష్షు నాలుగు తిప్పులు తిప్పి, బుడగలు కనబడగానే ముఖానికి పులుముకుని, చెంప కోసుకుని, ఆ కోపంలో ఒకనాడు కప్పు తీసి పెరట్లోకి విసిరాడు. ఏరుకొచ్చింది తిలకవతి. బోరు నీళ్ళు ఉప్పన, వాటితో నురగ విరిగిపోతుందని ఆమెకు బట్టలుతికిన అనుభవం మీద తెలుసు. అందుకని తాగే నీళ్ళు కాచింది. అందులో బ్రష్షు నాననిచ్చి, గట్టిగా విదిలించి, సబ్బు మీద నిదానంగా తిప్పింది. చిక్కటి ముద్దయ్యాక కప్పులోకి తీసి, వేళ్ళతో చుక్క చుక్క నీళ్ళు చిలకరిస్తూ మళ్ళీ తిప్పింది. నీళ్ళు ఎక్కువైతే వట్టి బుడగలు, తక్కువైతే పిండి. పెద్ద బుడగలన్నీ చచ్చిపోయి, బ్రష్షు ఎత్తితే కొన నిలబడాలి. కప్పు బోర్లిస్తే జారకూడదు. అలా వచ్చేదాకా ఆమె వదల్లేదు.

కప్పు తీసుకెళ్ళి మొగుడి ముందు పెట్టింది. అతను పూసుకున్నాడు, గీసుకున్నాడు, లేచిపోయాడు. బాగుందనలేదు, బాగా లేదనీ అనలేదు. మర్నాడు మాత్రం "కప్పు యాడ?" అన్నాడు. ఆ రోజు నుంచి అది ఆమె పని.

తిలకవతికి పిల్లలు లేరు. చుట్టాల ఇళ్ళలో శుభకార్యానికి పోతే హారతి పళ్ళెం ఆమె చేతికి ఎవరూ ఇవ్వరు. కత్తిపీట మాత్రం ఇస్తారు, కూరగాయలకు పట్టింపు లేదు గనక. దానికి ఆమె అలవాటు పడిపోయింది. నగ అడగలేదు, చీర అడగలేదు. నలుగురిలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "ఇది మా ఇంటిది కలిపింది" అని అతని నోట వినాలని ఉండేది. ఆ పిచ్చి మాట కోసం ఆ వంటింటి గోడకు చెవి ఆనించి ఎన్ని పొద్దులు నిలబడిందో!

రెండువేల ఆరు ఎండాకాలంలో గుణశేఖరన్ చెల్లెలు కళైసెల్వి తన కొడుకు బాలమురుగన్ పెళ్ళిపత్రిక పట్టుకుని కాలాపేట నుంచి వచ్చింది. వాళ్ళలో పెళ్ళినాటి పొద్దున పెళ్ళికొడుకును పీట మీద కూర్చోబెట్టి గడ్డం గీయిస్తారు. కత్తి పెట్టకముందు తొలి నురగ మేనమామ పూయాలి.

"ఎవురో కలిపింది నువ్వు తాకించి లేచేస్తే వొప్పుకోను అన్నా. నీ చేత్తో కలిపిందే కావాల. మా వీధిలో అందురికీ చెప్పి పెట్టినాను" అంది కళైసెల్వి.

కాఫీ గ్లాసులతో గడపలో నిలబడ్డ తిలకవతి చెవి అటే పెట్టింది. ఇప్పుడు చెప్పక ఏం చేస్తాడు అనుకుంది. అతను కాఫీ అందుకుని ఊదుకుంటూ, "దానికేముండాది, కలుపుతాలే" అన్నాడు.

ఆ తర్వాత రోజూ స్నానాలగది తలుపు బిగించుకుని బ్రష్షుతో కుస్తీ పట్టాడు. బయటికి పారేది అంట్లు తోమిన నీళ్ళలా ఉండేది. అడిగి ఉంటే ఒక్క పూటలో నేర్పేది ఆమె. అడగలేదు. పెళ్ళాన్ని అడిగితే మీసం రాలిపోతుందేమో మరి!

పెళ్ళినాడు పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, గోడను చూస్తూ అన్నాడు. "కలిపి ఎవర్‌సిల్వర్ డబ్బాలో పెట్టియ్యి. ఇంట్లోనే కలుపుకోని వస్తినని చెప్తాను."

"అదేమన్నా సాంబారా, డబ్బాలో మోసుకుపోయేదానికి? ఆడికి పోయేలోపల చచ్చిపోతాది. నేను ఆడనే, వంటసాల ఎనకాల కలిపిస్తా."

"ఎవురన్నా చూస్తే?"

"చూస్తే ఏంది?"

అతను ఆ స్టీలు డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

తిలకవతి కలిపింది. ఎప్పుడూ రానంత బాగా వచ్చింది. డబ్బాలోకి తీసి మూత పెట్టింది. తర్వాత ఏమనుకుందో ఏమో, బ్రష్షు, సబ్బు, సీసాడు మంచినీళ్ళు తువ్వాల్లో చుట్టి తన సంచిలో అడుగున పెట్టుకుంది. డబ్బా తెరిచాక తనను పిలవక తప్పదు కదా. ఆ ఆశతోనే సముద్రం పక్కగా కాలాపేటకు పోయే ఈసీఆర్ రోడ్డు బస్సులో, ఆ ఉక్కలో, ఆ తోపులాటలో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను మోసినట్టు మోసింది.

మండపంలో బాలమురుగన్ పీట మీద కూర్చున్నాడు. సెలూన్ ఏలుమలై కత్తి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. చుట్టూ జనం, వీడియోవాడి లైటు. గుణశేఖరన్ కొత్త పంచె ఎగ్గట్టి, తిలకవతి చేతిలోంచి డబ్బా అందుకుని, ఠీవిగా మూత తీశాడు. అడుగున బూడిదరంగు నీళ్ళు. వాటి మీద నాలుగు బుడగలు. అవి కూడా అందరూ చూస్తుండగానే పగిలాయి.

"ఏందన్నా, గంజి తెచ్చినావా?" అన్నాడు ఏలుమలై. జనం గొల్లుమన్నారు.

తిలకవతి సంచిలో చెయ్యి పెట్టి తువ్వాలు ముడి విప్పింది. ఒక అడుగు ముందుకు వేసింది. 'దా' అంటే చాలు. మాట కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు. గుణశేఖరన్ తలెత్తి నేరుగా ఆమెనే చూశాడు. ఆమె ముఖం విప్పారింది.

"నేను కలిపింది బాగానే వుండె" అన్నాడు అతను గట్టిగా, అందరికీ వినబడేలా. "దోవంతా ఇది వొళ్ళో పెట్టుకోని వచ్చింది. బిడ్డను ఎత్తని చెయ్యి తగిలితే యాడ నిలుస్తాది?"

బాలమురుగన్ "పోనీ మామా" అని గొణిగి తల దించుకున్నాడు. ఎవరూ గుణశేఖరన్‌ను తప్పు పట్టలేదు. కళైసెల్వి గబగబా పీట చుట్టూ పసుపునీళ్ళు చల్లింది. ఏలుమలై తన పెట్టెలోంచి క్రీము ట్యూబు తీశాడు. ఎవరో ముసలావిడ తిలకవతి మోచెయ్యి పట్టుకుని, "నువ్వు దామ్మా, ఆకులు తుడుద్దువు" అని వెనక్కి తీసుకుపోయింది. ఇన్నేళ్ళలో ఆ నురగలో ఆమె చెయ్యి ఉందని అతను నలుగురిలో చెప్పడం అదే మొదలు. ఆమె అరిటాకులు తుడుస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మండింది.

మర్నాడు పొద్దున గుణశేఖరన్ ఏమీ జరగనట్టే ముక్కాలిపీట వేసుకుని, ముఖం తడుపుకుని కూర్చున్నాడు. తిలకవతి వేణ్ణీళ్ళు, సబ్బు, పొడి బ్రష్షు తెచ్చి పక్కన పెట్టింది.

"నురగ యాడ?"

ఆమె లోపలికి పోయింది. అతనే సబ్బు మీద బ్రష్షు రుద్ది, వచ్చిన బుడగలే పులుముకుని కత్తి పెట్టాడు. దవడ దగ్గర చర్రున తెగింది.

"ఏందన్నా, ఈపొద్దు నురగ రాలా?" అన్నాడు దురైసామి, పేపరు మడుస్తూ.

"ఆ సోపు ముందు మాదిరి లేదు, దురై" అన్నాడు గుణశేఖరన్ తువ్వాలుతో రక్తం అద్దుకుంటూ. ఆడలేక మద్దెల ఓడట!

తిలకవతి వంటింట్లోంచి వచ్చింది. గడప దాటి, వరండా దాటి, వీధి మెట్టు మీద నిలబడింది. పాలవాడు సైకిలు ఆపాడు.

"సోపు అదే, తమ్ముడూ" అంది దురైసామితో. "చెయ్యి మారింది."